యూవీ దీపం కింద ఎర్రగా వెలిగే బంగారం: ఒంట్లోంచి మూత్రంలో పోతుందని ప్రాజెక్టులో రాయొచ్చా?

ఎర్రమెరుపు | సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి సెమిస్టర్. ప్రాజెక్టు కోసం బంగారు నానోక్లస్టర్లు, అంటే కొద్దిపాటి బంగారు పరమాణువుల గుత్తులు, చేశాను. 2009లో సింగపూర్ నుంచి జియాన్‌పింగ్ షీ, జాకీ యింగ్ వాళ్లు ప్రచురించిన పద్ధతే. 10 మిల్లీమోలార్ క్లోరోఆరిక్ ఆమ్లం 5 మి.లీ., మి.లీ.కి 50 మి.గ్రా. చొప్పున బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రొటీన్) ద్రావణం 5 మి.లీ. కలిపి, రెండు నిమిషాలకు 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ అర మి.లీ. పోశాను. 37 డిగ్రీల దగ్గర రాత్రంతా కలుపుతూ ఉంచాను. లేత పసుపు కాస్తా పొద్దున్నకి ముదురు గోధుమ రంగైంది.

లైట్లు ఆర్పి 365 నానోమీటర్ల యూవీ దీపం పెడితే సీసా మొత్తం నిప్పుకణికలా ఎర్రగా వెలిగింది. ల్యాబ్‌లో అందరం గుమిగూడి చూశాం.

నా సందేహాలు మూడు. అసలు బంగారం ఎందుకు వెలుగుతుంది? అంచుల్లో కొంచెం నీలం కూడా కనిపిస్తోంది, అదేమిటి? మూడోది ముఖ్యం: "ఈ కణాలు 2 నానోమీటర్ల కంటే చిన్నవి కాబట్టి కిడ్నీ గుండా మూత్రంలో బయటికి పోతాయి, అందువల్ల శరీర చిత్రణకు సురక్షితం" అని ముగింపులో రాశాను. సరేనా? వైవా ఇంకా పది రోజులుంది.

రసాయన_మాస్టారు | సోమవారం, రాత్రి 11:30

ముందు అభినందనలు తల్లీ. మొదటి బ్యాచ్‌కే ఎరుపు రావడం మంచి చేతివాటం. మూడో ప్రశ్న నాకంటే బాగా తెలిసినవాళ్లకి వదిలేస్తాను, మొదటి రెండూ చెబుతాను.

నగ వెలగదని అందరికీ తెలుసు. నిజానికి అది కూడా వెలుగుతుంది, మన కంటికి ఆనదంతే. 1969లో మూరేడియన్ అనే శాస్త్రవేత్త బంగారం, రాగి మీద గట్టి కాంతి వేసి కొలిచాడు. వెయ్యి కోట్ల ఫోటాన్లు మింగితే ఒక్కటి తిరిగివచ్చే స్థాయి. ముద్ద బంగారంలో ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, మెట్లు లేని ఏటవాలు గట్టులాగ. పైకి ఎగదోసిన ఎలక్ట్రాన్ ఆ గట్టు మీద జారుకుంటూ దిగిపోతుంది. ఉన్న శక్తంతా వేడిగా పోతుంది.

ఇప్పుడు అదే బంగారాన్ని పాతిక పరమాణువుల గుత్తి చెయ్యి. గట్టు పోయి మెట్లు ఏర్పడతాయి. మెట్టుకీ మెట్టుకీ మధ్య నిలబడడానికి చోటు లేదు. ఎలక్ట్రాన్ ఒక్కసారి కిందికి దూకాల్సిందే, ఆ దూకుడులో శక్తి కాంతిగా బయటపడే అవకాశం దొరుకుతుంది. నీ సీసాలో ఉన్న రకానికి మూల పరిశోధకులు చెప్పిన క్వాంటం యీల్డ్, అంటే మింగిన ఫోటాన్లలో తిరిగి వెలుగుగా వచ్చే వంతు, సుమారు 6 శాతం. వందకి ఆరు అంటే చిన్నదిగా అనిపిస్తుంది కదా? ముద్ద బంగారంతో పోల్చి చూడు, అరవై కోట్ల రెట్లు.

ఇది కథలో సగమే. మిగతా సగం గంధకానిది. 2008లో థయాల్ (గంధకం ఉన్న చిన్న అణువు) పూతతో ఉన్న 25 పరమాణువుల గుత్తి స్ఫటిక నిర్మాణం బయటికొచ్చింది. నడుమ 13 పరమాణువుల గుండె, దాని చుట్టూ గంధకంతో కట్టిన ఆరు పట్టీలు, ఒక్కో పట్టీలో రెండేసి బంగారు పరమాణువులు. ఈ పట్టీల్లోని గంధకం నుంచి బంగారానికి ఎలక్ట్రాన్ సాయం అందడం కూడా వెలుగుకు కారణమని చాలామంది వాదిస్తారు. గుండెది ఎంత పాలు, పట్టీలది ఎంత పాలు అన్న వాదన ఇంకా తేలలేదు. నీ ప్రొటీన్ రకానికి అలాంటి స్ఫటిక చిత్రం లేదు, పాతిక అన్నది ద్రవ్యరాశి కొలతల నుంచి వచ్చిన అంకె. వైవాలో "నిర్మాణం తెలుసు" అనేయకు, దొరికిపోతావు.

నీలం సంగతి. బీఎస్‌ఏలో టైరోసిన్ అనే ఎమైనో ఆమ్లాలున్నాయి. నువ్వు సోడియం హైడ్రాక్సైడ్ పోసేది పీహెచ్‌ని 12 దాకా తెచ్చి ఆ టైరోసిన్లు బంగారు అయాన్లను క్షయకరణం చేసేలా పురిగొల్పడానికే. ఆ పనిలో టైరోసిన్లు తామే ఆక్సీకరణం చెంది జంటలు కడతాయి, అవి నీలంగా వెలుగుతాయి. అంటే ఆ నీలం బంగారానిది కాకపోవచ్చు. ఒక సీసాలో బంగారం వెయ్యకుండా బీఎస్‌ఏ, సోడియం హైడ్రాక్సైడ్ మాత్రమే కలిపి అదే రాత్రంతా ఉంచు. ఆ కంట్రోల్ లేకుండా నీలాన్ని క్లస్టర్ల ఖాతాలో రాసినవాళ్లు ఉన్నారు, నువ్వు రాయకు.

అవుసల_మనవడు | మంగళవారం, ఉదయం 7:15

మాది అవుసలోళ్ల ఇల్లు. నాకు కెమిస్ట్రీ తెల్వదు గానీ ఒక మాట చెప్తా. మా తాత బంగారు రేకు తెచ్చి పెడితే చిన్నప్పుడు నేను దాన్ని ఎండకు అడ్డం పెట్టి చూసేటోణ్ణి. పైన పసుపు పచ్చగ మెరుస్తది, అడ్డం పెట్టి చూస్తే ఆకుపచ్చగ కనపడ్తది. తాతనడిగితే "పల్చగైతే బంగారం రంగు మార్తది బిడ్డా" అనేటోడు. మీరు చెప్పే ఎరుపు, ఆ ఆకుపచ్చ ఒకటేనా?

ఇంకోటి. ఇంత చేయనీకి బంగారం ఎంత పట్టింది?

రసాయన_మాస్టారు | మంగళవారం, ఉదయం 8:05

మీ తాతగారు చూసినదే మైకెల్ ఫారడే కూడా చూశాడు బాబూ. 1857లో రాయల్ సొసైటీలో ఆయన ఇచ్చిన ఉపన్యాసం బంగారు రేకుల గుండా కాంతి ఎలా పోతుందన్న దగ్గరే మొదలవుతుంది. రేకుల నుంచి సన్నటి కణాలకు వెళ్లి మాణిక్యం రంగు ద్రవాలు చేశాడు. వాటిలో కొన్ని సీసాలు లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ దాచి ఉంచారు.

కానీ అది వేరు, ఇది వేరు. రేకు ఆకుపచ్చ, ఫారడే ద్రవం ఎరుపు, ఈ రెండూ బయటి కాంతిలో కొంత మింగి మిగతాది వదిలెయ్యడం వల్ల వచ్చే రంగులు. పది ఇరవై నానోమీటర్ల కణంలో వేల ఎలక్ట్రాన్లు మూకుమ్మడిగా ఊగుతూ 520 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతిని మింగేస్తాయి, మిగిలింది ఎరుపు. దీపం ఆర్పితే ఏ రంగూ లేదు. ఈ అమ్మాయి సీసాలో కణం 2 నానోమీటర్ల కంటే చిన్నది, ఆ మూకుమ్మడి ఊగుడుకి సరిపడా జనం లేరు. అక్కడ యూవీ మింగి ఎరుపు తనంతట తాను ఉమ్ముతోంది. అందుకే పగటి వెలుగులో గోధుమ, దీపం కింద ఎరుపు.

ఖర్చు: 10 మిల్లీమోలార్ ద్రావణం 5 మి.లీ.లో ఉండే బంగారం దాదాపు 10 మిల్లీగ్రాములు. నాలుగు గ్రాముల ఉంగరంతో నాలుగు వందల బ్యాచ్‌లు.

డాలస్_తెలుగు | మంగళవారం, ఉదయం 9:50

మూడో ప్రశ్న నేను అందుకుంటాను. నేను ఇదే రంగంలో పనిచేస్తున్నాను. నేనుండే ఊరి పక్కనే యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ డాలస్‌లో జీ జెంగ్ గారి ల్యాబ్ ఉంది, కిడ్నీ గుండా పోయే వెలిగే బంగారం అనగానే ముందు వినిపించే పేరు. 2004లో జార్జియా టెక్‌లో రాబర్ట్ డిక్సన్ దగ్గర ఉన్నప్పుడే డెండ్రిమర్లనే కొమ్మలు కొమ్మలుగా ఉండే అణువుల లోపల బంగారు గుత్తుల్ని పెట్టి, పరమాణువుల సంఖ్య పెరిగేకొద్దీ వెలుగు యూవీ నుంచి నీలం, ఆకుపచ్చ, ఎరుపు దాటి ఇన్‌ఫ్రారెడ్ వైపు జరుగుతుందని చూపించింది ఆయనే.

చెల్లీ, నీ వాక్యం తప్పు. ఏదో చిన్న సవరణతో సరిపోయే తప్పు కాదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నువ్వు కొలిచింది బంగారు గుండె సైజు. కిడ్నీ చూసేది గుండెని కాదు, కోటుతో సహా మొత్తాన్ని. నీ క్లస్టర్ ఒక పూర్తి బీఎస్‌ఏ అణువులో కూర్చుని ఉంది. అల్బుమిన్ బరువు 66 కిలోడాల్టన్ల పైనే. మన కిడ్నీ పగలూ రాత్రీ చేసే ముఖ్యమైన పని అల్బుమిన్‌ని మూత్రంలోకి పోనివ్వకుండా ఆపడం! మూత్రంలో అల్బుమిన్ కనిపిస్తే డాక్టర్లు కంగారుపడేది అందుకే కదా. అల్బుమిన్ చొక్కా తొడుక్కున్న బంగారం కిడ్నీ గేటు దగ్గరికి వెళ్తే ఎవరు వదులుతారు?

2007లో జాన్ ఫ్రాంజియోనీ, మౌంగి బవెండీ వాళ్లు క్వాంటం డాట్లు అనే వెలిగే నానోకణాలతో ఈ గీత గీశారు. నీటిలో తేలుతున్నప్పుడు కోటుతో కలిపి ఉండే వ్యాసం, అంటే హైడ్రోడైనమిక్ వ్యాసం, 5.5 నానోమీటర్ల కంటే తక్కువైతే కిడ్నీ త్వరగా వడపోస్తుంది. దాటితే కాలేయం, ప్లీహం పాలు.

జెంగ్ వాళ్లు అందుకే గ్లూటాథయోన్ వాడారు. మన కణాల్లోనే పుట్టే మూడు ఎమైనో ఆమ్లాల చిన్న ముక్క, 307 డాల్టన్లు. సుమారు 2.5 నానోమీటర్ల బంగారం మీద ఆ పూత. 2011లో ఎలుకలకు నరంలో ఎక్కిస్తే 24 గంటల్లో సగానికి పైగా మూత్రంలోకి వచ్చేసింది, కాలేయంలో మిగిలింది 4 శాతం లోపు.

చిన్నదైతే చాలు అనుకోకు. 2008లో 1.4 నానోమీటర్ల బంగారాన్ని వేరే పూతతో ఎలుకలకిచ్చి చూసిన పరిశోధన ఉంది. అంత చిన్నదీ సుమారు సగం కాలేయంలోనే తేలింది. రక్తంలోకి వెళ్లగానే పూతకి సీరం ప్రొటీన్లు అతుక్కుంటే, బయల్దేరినప్పటి సైజు వేరు, కిడ్నీ చేరేటప్పటి సైజు వేరు. గ్లూటాథయోన్ ప్రత్యేకత ఆ అతుకుడుని దగ్గరికి రానివ్వకపోవడమే.

"కాబట్టి సురక్షితం" అన్న మాటకైతే నీ ప్రయోగంలో ఆధారమే లేదు. నువ్వు జంతువుకి ఇవ్వలేదు, కణాల మీద కూడా పరీక్షించలేదు.

ఎర్రమెరుపు | మంగళవారం, రాత్రి 9:20

అన్నా, చదివాక కాసేపు బాధేసింది, దాచుకోను. ఆ వాక్యం నేను నాలుగైదు రివ్యూలు చదివి కూర్చుకున్నది. ఇప్పుడు మళ్లీ తీసి చూస్తే, కిడ్నీ గురించి చెప్పిన చోట అన్నీ గ్లూటాథయోన్ రకాలే. వెలుగు గురించి చెప్పిన చోట బీఎస్‌ఏ రకాలు. రెండు వేర్వేరు కణాల మంచి గుణాలు తెచ్చి ఒకే కణానికి తగిలించాను.

మరి బీఎస్‌ఏ క్లస్టర్లు ఒంట్లో దేనికీ పనికిరావా?

డాలస్_తెలుగు | మంగళవారం, రాత్రి 10:10

పనికొస్తాయి. రక్తంలో ఎక్కువసేపు తిరిగే కణానికి గడ్డలోకి చేరే అవకాశం ఎక్కువ, ఎలుకల్లో కణితులు చూపించడానికి వాడారు. ఐఐటీ మద్రాస్‌లో ప్రదీప్ గారి బృందం 2010లో లాక్టోఫెర్రిన్ అనే పాల ప్రొటీన్‌లో కూడా ఇలాంటి ఎర్ర క్లస్టర్లు చేసింది. ప్రొటీన్ కోటు ఉంటే దానికి యాంటీబాడీలు, ఫోలిక్ ఆమ్లం లాంటివి తగిలించడం సులువు. పెట్రీ డిష్‌లో కణాలకు రంగు వెయ్యడానికి, నీళ్లలో పాదరసం పట్టుకోవడానికి హాయిగా వాడుకోవచ్చు. పాదరసం తగిలితే ఆ ఎరుపు ఆరిపోతుంది, వీలైతే అది చేసి చూడు, మంచి అధ్యాయం అవుతుంది.

పలాస_డయాలసిస్ | బుధవారం, ఉదయం 6:40

నమస్తే అండి. నేను డయాలసిస్ టెక్నీషియన్‌ని, ఉద్దానం వైపు. మీ మాటల్లో సగం నాకు కొత్త. కానీ కిడ్నీ అన్న మాట కనిపించి ఆగాను.

మా దగ్గరికి వచ్చేవాళ్లు కొబ్బరితోటల్లో, జీడితోటల్లో పనిచేసేవాళ్లు. బీపీ లేదు, సుగర్ లేదు, నలభై ఏళ్లకే కిడ్నీ పోయిందంటాం. కారణం ఏటో ఇన్నేళ్లుగా వెతుకుతూనే ఉన్నారు. క్రియాటినిన్ పెరిగిందని తెలిసేసరికి కిడ్నీ సగం పనిచెయ్యడం మానేసుంటాది. రెండు కిడ్నీల్లో ఒకటి పాడైనా రెండోది బరువు మోసేస్తాది, రిపోర్టు మామూలుగానే వస్తాది. ఆ రిపోర్టు చూసి ధైర్యంగా ఇంటికెళ్లిపోయిన మనిషిని రెండేళ్ల తర్వాత మెషీన్ మీద చూస్తే ఎలా ఉంటాదో నాకు తెలుసు.

ఈ వెలిగే బంగారం కిడ్నీ గుండానే పోతాది అంటున్నారు కదా. పోయే వేగం చూసి కిడ్నీ ఎలా ఉందో ముందే చెప్పొచ్చా? తెలియక అడుగుతున్నాను, తప్పైతే వదిలెయ్యండి.

డాలస్_తెలుగు | బుధవారం, ఉదయం 8:30

తప్పు కాదండి. ఈ రంగం ఇప్పుడు నిలబడి ఉన్న చోటే అడిగారు.

జెంగ్ వాళ్లు 2016లో అదే చేశారు. ఎలుకలకు ఒక పక్క మూత్రనాళం కట్టేశారు. మీరన్నట్టే రెండో కిడ్నీ బరువు మొయ్యడంతో రక్త పరీక్షలో తేడా తెలియదు. సుమారు 800 నానోమీటర్ల దగ్గర వెలిగే గ్లూటాథయోన్ బంగారం ఎక్కించి పైనుంచి కెమెరాతో చూస్తే రెండు కిడ్నీలూ విడివిడిగా కనిపించాయి. ఏది ఎంత వేగంగా నింపుకుంటోంది, ఎంత వేగంగా ఖాళీ చేస్తోంది అన్నది గీతగా గీసి, దెబ్బతిన్న కిడ్నీ ఏ స్థాయిలో ఉందో చెప్పగలిగారు.

2017లో వచ్చింది నాకు ఇంకా ఇష్టమైన పరిశోధన. అప్పటిదాకా అందరి నమ్మకం ఒకటే: కణం ఎంత చిన్నదైతే అంత వేగంగా మూత్రంలోకి. పరమాణువులు లెక్కపెట్టి చేసిన గ్లూటాథయోన్ క్లస్టర్లతో చూస్తే తిరగబడింది. 25 పరమాణువుల గుత్తి కంటే 18, 15, 10 పరమాణువుల గుత్తులు మొదట్లో నెమ్మదిగా బయటపడ్డాయి, నాలుగు నుంచి తొమ్మిది రెట్లు తక్కువ సామర్థ్యంతో. కిడ్నీ వడపోత గోడల లోపలి వైపు గ్లైకోకాలిక్స్ అనే చక్కెరల నూగు ఉంటుంది. మరీ చిన్న గుత్తులు ఆ నూగులో చిక్కుకుంటున్నాయి. బియ్యం జల్లిస్తే నూకలు కిందికి రాలాలి కదా. ఆ జల్లెడకి దూది అంటించి ఉంటే నూకలే ముందు దూదిలో ఇరుక్కుంటాయి. కొద్ది పరమాణువుల తేడా కూడా కిడ్నీ పసిగడుతుందని బంగారంతోనే తెలిసింది, ఎందుకంటే ఇంత కచ్చితంగా పరమాణువులు లెక్కపెట్టి చేయగల నానోకణాలు వేరే పదార్థాల్లో దొరకడం కష్టం.

ఆ నూగు దెబ్బతినడం కిడ్నీ జబ్బుల్లో తొలి మార్పుల్లో ఒకటి. అక్కడే నాకు ఆశ.

స్కానింగ్_గది | బుధవారం, మధ్యాహ్నం 1:15

నేను సీటీ స్కాన్ విభాగంలో పనిచేస్తాను. పలాస అన్నగారికి ఆశ పెట్టేముందు ఒక్క మాట చెప్పకపోతే అన్యాయం.

చీకట్లో టార్చి వెలిగించి అరచేత్తో మూయండి. వేళ్లు ఎర్రగా వెలుగుతాయి. నీలం, ఆకుపచ్చలను రక్తంలోని హిమోగ్లోబిన్ మింగేసింది, ఎరుపు కొంత దూరం రాగలిగింది. 650 నుంచి 900 నానోమీటర్ల మధ్య కాంతి ఇంకాస్త లోతుకి పోతుంది. అయినా అరచేయి అంటే రెండు మూడు సెంటీమీటర్లు, అందులోనూ ఎముక ఎక్కడుందో కనిపించదు, అంతా చెదిరిపోతుంది. ఎలుక కిడ్నీ చర్మం కింద మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది. మనిషిది వీపు కండరాలు, కొవ్వు దాటి సెంటీమీటర్ల లోతున. ఎలుకలో తీసిన ఆ బొమ్మ మనిషిలో అదే కెమెరాతో రాదు. ఈ అమ్మాయి సీసానైతే 365తో వెలిగించాలి, యూవీ చర్మాన్నే దాటదు.

బంగారం మీద నాకు వేరే కారణంతో ఆసక్తి. మేం సీటీలో అయోడిన్ కాంట్రాస్ట్ ఇస్తాం, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు ఇవ్వాలంటే ప్రతిసారీ ఆలోచిస్తాం. బంగారం పరమాణు సంఖ్య 79, అయోడిన్‌ది 53. ఎక్స్-కిరణాలను బంగారం బాగా ఆపుతుంది. ఎక్స్-కిరణాలకు లోతు అడ్డు కాదు. కానీ సీటీలో కనిపించాలంటే గ్రాముల లెక్కన ఎక్కించాలి, కాంతి చిత్రణకు అంత అక్కర్లేదు. ఇక్కడ ధర, అక్కడ లోతు.

డాలస్_తెలుగు | బుధవారం, రాత్రి 9:05

స్కానింగ్ అన్న చెప్పింది పూర్తిగా నిజం, నేను ముందే చెప్పాల్సింది. నేను చదివిన బంగారం కిడ్నీ చిత్రాలన్నీ ఎలుకలవే.

లోతు పెంచడానికి 1000 నానోమీటర్ల పైకి వెళ్లే దారి ఉంది. అక్కడ కాంతి చెదరడం తగ్గుతుంది, కణజాలం సొంత వెలుగు దాదాపు ఉండదు. 25 పరమాణువుల గ్లూటాథయోన్ క్లస్టర్ 1100 నుంచి 1350 మధ్య కూడా వెలుగుతుందని 2019లో చూపించారు, ఎలుక మెదడులోని రక్తనాళాలు పుర్రె తెరవకుండానే కనిపించాయి. వెలుగు మాత్రం చాలా తక్కువ, ఒక్క శాతం కూడా లేదు. రాగి, జింక్ పరమాణువు ఒకటి చొప్పించి పెంచే ప్రయత్నం జరిగింది. అయినా పది సెంటీమీటర్ల లోతు సంగతి వేరు.

సొంత వెలుగు అంటే గుర్తొచ్చింది, బంగారానికి ఇంకో బలం ఉంది. మన చర్మం, కాలేయం కూడా కాంతి వేస్తే మసక మసకగా వెలుగుతాయి, కానీ కొన్ని నానోసెకన్లలో ఆరిపోతాయి. బంగారు క్లస్టర్లలో చాలా రకాలు మైక్రోసెకను దాకా వెలుగుతూనే ఉంటాయి. కెమెరా కన్ను కాస్త ఆలస్యంగా తెరిస్తే ఒంటి వెలుగు ఆరిపోయి ఉంటుంది, బంగారం ఒక్కటే మిగులుతుంది.

పలాస అన్నగారూ, కెమెరా బొమ్మే అక్కర్లేదు. రెండు దారులున్నాయి. ఒకటి చర్మం మీద అతికించే సెన్సర్. 2025 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ అలాంటి పరికరాన్ని ఆమోదించింది: రెల్మపిరాజిన్ అనే వెలిగే పదార్థం నరంలో ఇచ్చి, అది రక్తంలో తగ్గే వేగాన్ని చర్మం మీద నుంచే కొలిచి, కిడ్నీ వడపోత వేగం చెబుతుంది. అది బంగారం కాదు, చిన్న సేంద్రియ అణువు. కానీ వెలుగుతో మనిషి కిడ్నీని కొలవడం నిజమైంది. రెండు కిడ్నీలూ కలిపి ఒకే అంకె ఇస్తుంది, విడివిడిగా చెప్పలేదు.

రెండోది మూత్రం. 2019లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో మోలీ స్టీవెన్స్, ఎంఐటీలో సంగీతా భాటియా బృందాలు కలిసి చేశాయి. బంగారు క్లస్టర్లను పెప్టైడ్ దారాలతో ఒక పెద్ద ప్రొటీన్‌కి కట్టారు. కట్టి ఉన్నంతసేపు కిడ్నీ దాటలేవు. కణితి దగ్గరుండే ఎంజైము ఆ దారం తెంపితే క్లస్టర్లు విడిపోయి మూత్రంలోకి వస్తాయి. ఆ మూత్రంలో హైడ్రోజన్ పెరాక్సైడ్, టీఎంబీ అనే రంగు పదార్థం కలిపితే బంగారం ఉత్ప్రేరకంగా పనిచేసి నీలం వస్తుంది. కెమెరా లేదు, యూవీ లేదు, గంటలోపు కంటితోనే తేడా తెలుస్తుంది. పెద్దపేగు కణితి ఉన్న ఎలుకల్లో చూపించారు. అది వెలుగు కాదు, ఉత్ప్రేరణ. కానీ కిటుకంతా ఇందాక మనం మాట్లాడుకున్నదే: కోటు సైజు మారితే కిడ్నీ గేటు తెరుచుకుంటుంది.

పలాస_డయాలసిస్ | బుధవారం, రాత్రి 10:25

మూత్రంలో రంగు మారడం అంటే మా ఆశా కార్యకర్తకి కూడా అర్థమవుతాది. ఊళ్లో చెయ్యగలిగే పని. ఎలుకల నుంచి మనుషుల దాకా రావడానికి ఎంత కాలం పడతాదో అడగను, మీరైనా చెప్పలేరు. కానీ నరంలోకి బంగారం ఎక్కించాలి కదా, పాడైన కిడ్నీ ఉన్న మనిషిలో అది బయటికి రాకపోతే?

డాలస్_తెలుగు | బుధవారం, రాత్రి 10:50

వడపోత తగ్గితే రక్తంలో ఎక్కువసేపు ఉండి కాలేయం వైపు ఎక్కువ పోతుంది. కాలేయంలోని కుఫర్ కణాలు ఒకసారి పట్టుకున్న బంగారం ఎంతో కాలం వదలదు. అంటే ఈ పరీక్ష ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల ఒంట్లోనే ఎక్కువ మిగిలే ప్రమాదం ఉంది. కాడ్మియం క్వాంటం డాట్లతో పోలిస్తే బంగారం మెత్తనిదే, కీళ్లవాతానికి ఆరనోఫిన్ అనే బంగారు మందుకు 1985లో అమెరికాలో ఆమోదం వచ్చింది. అయినా మందుగా బంగారం సమ్మేళనం వేరు, నానోకణం వేరు. ఇంతవరకు నాకు అడ్డుగా కనిపించే పెద్ద ప్రశ్న మీరడిగినదే.

నల్గొండ_వైద్యం | గురువారం, ఉదయం 7:00

నేను ఆయుర్వేదం ప్రాక్టీసు చేస్తాను. స్వర్ణభస్మం వందల ఏళ్లుగా వాడుకలో ఉంది. అది కూడా నానో బంగారమే అని ఇప్పుడు పరిశోధకులు అంటున్నారు. కాబట్టి దానికీ ఈ గుణాలన్నీ ఉంటాయని అనుకోవచ్చా? మా దగ్గరికొచ్చేవాళ్లు అడుగుతున్నారు.

రసాయన_మాస్టారు | గురువారం, ఉదయం 9:10

డాక్టరు గారూ, సూటిగా అడిగారు, సూటిగానే చెబుతాను. భస్మంలో బంగారం పదుల నానోమీటర్ల రేణువులుగా ఉంటుంది, అవి మళ్లీ ముద్దలు కట్టి ఉంటాయి. ఈ అమ్మాయి గుత్తిలో పాతిక పరమాణువులు. పది నానోమీటర్ల రేణువు అనుకున్నా అందులో ముప్పై వేలు. వెలుగుకు కావలసిన మెట్లు అక్కడ ఏర్పడవు, గంధకపు పట్టీలు లేవు, కిడ్నీ దాటే సైజు కాదు. పైగా ఇవి నరంలో ఇచ్చినవి, భస్మం నోటితో తీసుకునేది. పుటాలు పెట్టి లోహాన్ని అంత సన్నం చేసిన మన పెద్దల పనితనం మీద నాకు గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే చెబుతున్నాను, ఈ పరిశోధనల ఫలితాలు దానికి ఆపాదించకండి. మీ దగ్గరికొచ్చేవాళ్లకి కిడ్నీ జబ్బు ఉంటే మరీ జాగ్రత్త.

నల్గొండ_వైద్యం | గురువారం, ఉదయం 9:40

అర్థమైందండి. అలాగే చెబుతాను.

ఎర్రమెరుపు | శనివారం, సాయంత్రం 6:30

కంట్రోల్ చేశాను! ఒకేసారి మూడు సీసాలు పెట్టాను: బీఎస్‌ఏ మాత్రమే, బీఎస్‌ఏతో సోడియం హైడ్రాక్సైడ్, బంగారంతో కలిపి పూర్తి మిశ్రమం. మాస్టారు చెప్పినట్టే ఆక్వా రీజియాతో (బంగారాన్ని కరిగించే ఆమ్లాల మిశ్రమం) కడిగిన గాజుసామాను వాడాను.

అయ్యో, మాస్టారు ఆ మాట ఇక్కడ చెప్పలేదు, ఫోన్లో మా సార్ చెప్పారు. పాత సీసా గోడల మీద అంటుకున్న బంగారం కూడా కొత్త కణాలకు విత్తనమవుతుందట.

ఫలితం: రెండో సీసా నీలంగా వెలిగింది, అందులో బంగారం చుక్క లేదు. ఎరుపు మూడోదానిలోనే, 640 నానోమీటర్ల దగ్గర శిఖరం. నీలం శిఖరం రెండో సీసాలోనూ మూడోదానిలోనూ దాదాపు ఒకే చోట. అంటే నీలం ప్రొటీన్‌దే.

ముగింపు వాక్యం ఇలా మార్చాను:

"ఈ పనిలో తయారుచేసిన బీఎస్‌ఏ క్లస్టర్లు ఎరుపు కాంతిని వెలువరిస్తాయి. ప్రొటీన్ కోటు వల్ల వీటి మొత్తం పరిమాణం కిడ్నీ వడపోత హద్దు కంటే ఎక్కువగా ఉంటుంది కనుక ఇవి మూత్రం ద్వారా సులువుగా వెలువడతాయని ఆశించలేం. గ్లూటాథయోన్ పూత ఉన్న బంగారు కణాలు ఎలుకల్లో మూత్రం ద్వారా వెలువడినట్లు ఇతర పరిశోధకులు చూపించారు. విషప్రభావాన్ని ఈ పనిలో పరీక్షించలేదు."

మా సార్ చదివి, "సురక్షితం" అన్న మాట ఉంటేనే బాగుండేది, అది లేకపోతే వైవాలో ఉపయోగం ఏమిటని అడుగుతారు అన్నారు. ఏం చెప్పను?

పలాస_డయాలసిస్ | శనివారం, రాత్రి 8:15

పాదరసం పట్టుకుంటాది అన్నారు కదా ఇందాక. మా తోటల నీళ్లలో ఏముందో ఇన్నేళ్లుగా వెతుకుతున్నారు. నీళ్లలో లోహం చూపించే సీసా ఉందంటే ఉపయోగం ఏటని ఎవరైనా అడుగుతారా అమ్మా?

డాలస్_తెలుగు | శనివారం, రాత్రి 9:00

చెల్లీ, అదే చెప్పు. మిగతా బ్యాచ్ ఫ్రిజ్‌లో ఉంచు, పాదరసం లవణం పలుచటి ద్రావణాలు ఐదారు గాఢతల్లో చేసి, ఎరుపు ఎంత తగ్గుతోందో గీత గియ్యి. రాగి ఉన్నా కొంత ఆరుతుంది, కాబట్టి రాగి, సీసం, ఇనుములతో కూడా విడివిడిగా చేసి పక్కన పెట్టు. చేతి తొడుగులు వేసుకో, మిగిలిన పాదరసం ద్రావణం సింకులో పొయ్యకు.

ఎర్రమెరుపు | శనివారం, రాత్రి 9:12

సోమవారం మొదలుపెడతాను. వైవా గురువారం. సరిపోతుంది.

రసాయన_మాస్టారు | ఆదివారం, ఉదయం 6:20

సరిపోతుంది తల్లీ. ముగింపులో "ఎలుకల్లో" అన్న మాట మాత్రం ఎవరు చెప్పినా కొట్టెయ్యకు.